ఆసుపత్రి సిబ్బంది డస్సిపోకుండా డ్యూటీ చార్టు వేయడం ఎలా

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రిలో ఇన్‌ఛార్జి సిస్టర్‌గా ఉన్న రోజుల్లో, ఏ డ్యూటీ వేసినా "సరే మేడం" అనే ఒక అమ్మాయికి వరసగా తొమ్మిది నైట్లు వేశాను. తొమ్మిదో రాత్రి గడిచాక ఉదయం ఏడున్నరకు నేను వార్డులోకి వచ్చేసరికి, ఆమె నాలుగో బెడ్డుకు తీసిన ఇన్సులిన్ సిరంజి పట్టుకుని ఐదో బెడ్డు పక్కన నిలబడి, ఎందుకొచ్చిందో గుర్తురాక కేస్ షీటు అటూ ఇటూ తిప్పుతోంది. ఇంజెక్షన్ పడకముందే ఆపగలిగాను గానీ, మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అన్న సామెతకు నా చార్టే సాక్ష్యంగా నిలిచింది. అందుకే సిబ్బంది ఒత్తిడి గురించి ఎవరు సలహా అడిగినా, ముందు మూడు నెలల చార్టులు తీసుకురమ్మంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను, అంటే పనిలో పూర్తిగా డస్సిపోవడాన్ని, జబ్బుగా కాక, పనిచోట ఒత్తిడి అదుపు లేకుండా చాలాకాలం సాగడం వల్ల కలిగే స్థితిగా పేర్కొంది. ఓపిక పూర్తిగా హరించుకుపోవడం, పనిమీద విముఖత, తన వల్ల ఏమీ కావడం లేదన్న భావన దాని లక్షణాలు. వార్డులో తొందరగా కంటపడేది రెండోది. నిన్నటిదాకా "మామ్మగారూ, మాత్ర వేసుకుందామా" అని పిలిచిన సిస్టర్ "ఏడో నంబరుకి మందు అయిపోయింది" అనడం మొదలుపెడితే, మందలించే ముందు ఆమె ఎన్ని రోజులుగా ఆఫ్ లేకుండా వస్తోందో చూడండి.

చాలా ఆసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, ఆపైన పన్నెండు గంటల నైట్ నడుస్తాయి. డ్యూటీలు మార్చేటప్పుడు ఉదయం, సాయంత్రం, రాత్రి అన్న వరసలోనే ముందుకు జరపండి. వెనక్కి తిప్పితే శరీరం సర్దుకోవడం కష్టం. వరసగా మూడు నైట్లకు మించి వేయకండి. నైట్ దిగిన రోజును ఆఫ్‌గా లెక్కకట్టడం మనవాళ్ల పాత అలవాటు. అది నిద్రకు పోయే రోజే గనుక, అసలు ఆఫ్ ఆ మర్నాటి నుంచి మొదలుకావాలి. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య వంతులవారీగా ఇరవై నిమిషాల కునుకు తీయనివ్వండి. అంతకు బాగా మించితే లేచాక మత్తుగా ఉంటుంది. రోహిణీకార్తెలో బెజవాడ రేకుల ఇళ్లలో పగలు నిద్రపోవడం మాటలు కాదు కాబట్టి, ఆ రోజుల్లో ఖాళీగా ఉన్న ఒక ఏసీ గదిని మధ్యాహ్నం వరకు నైట్ దిగినవారికి వదిలేయడం మేలు.

చార్టు చివర ఒక గడి అదనంగా గీసి, ఎవరికి ఎన్ని నైట్లు, ఎన్ని డబుల్ డ్యూటీలు పడ్డాయో అందరికీ కనిపించేలా రాయండి. నా అనుభవంలో సగం గొడవలు అక్కడే తగ్గాయి. ఆ గడిలో అంకెలు అందరికీ పెరుగుతున్నాయంటే మనుషులే చాలడం లేదని అర్థం. ఆ లెక్కను యాజమాన్యం ముందు పెట్టాలే తప్ప చార్టు ఎంత తిప్పినా లోటు పూడదు. ఒత్తిడి తగ్గిస్తామంటూ నైట్ దిగినవాళ్లను ఉదయం పదింటికి కూర్చోబెట్టి యోగా నేర్పించడం మాత్రం దయచేసి మానండి.

వార్డులో పసిబిడ్డ చనిపోయినా, పేషెంటు తాలూకు వాళ్లు చెయ్యి చేసుకున్నా, ఆ సిస్టర్‌ను ముందు అక్కడి నుంచి పక్కకు తీసుకెళ్లి, మిగిలిన డ్యూటీ వేరొకరికి అప్పగించండి. జరిగిందంతా అదే పూట అందరి ముందు చెప్పమని బలవంతపెట్టడం మేలు చేయదు. ఆమె తనంతట తాను మాట్లాడితే వినండి. దాడి జరిగితే ఫిర్యాదు ఆమె చేత కాక ఆసుపత్రి తరఫున వెళ్లాలి. ఇంటి సంగతీ అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినట్టి రోజుల్లో కూడా, ఇల్లు నీళ్లలో ఉందని చెబితే సెలవు కోసమనుకుంటారేమోనని నోరు విప్పనివారు ఉంటారు.

రెండు మూడు వారాలుగా నిద్ర లేకపోయినా, ఊరికే కన్నీళ్లు వస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమని చెప్పండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట వినిపిస్తే ఒంటరిగా వదలక, అదే రోజు మానసిక వైద్యుల దగ్గరకు వెంట వెళ్లండి. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చిన హక్కు. కాబట్టి చార్టులో "సెలవు" అని మాత్రమే రాసి, ఆమె తిరిగి వచ్చాక డాక్టరు సరేననేదాకా నైట్లు వేయకండి.