చలి రాకముందే హీటర్ ప్లగ్‌లు చూసుకోండి

పాలమూరు, నల్లగొండ ఎండల్లో పాత డీజిల్ బండికి రెండు హీటర్ ప్లగ్‌లు (స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపలిని కరెంటుతో వేడి చేసేవి) పోయినా తెలియదు. డిసెంబరు వచ్చాక పొద్దుగాల సంగతి బయటపడుతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. అందుకున్నా తెల్లపొగ కక్కుతూ కాసేపు కుంటుతుంది. చాలామంది ముందు బ్యాటరీ మార్చేస్తారు, అది దండగ ఖర్చు. సెల్ఫ్ జోరుగా తిరుగుతోందంటే హీటర్ ప్లగ్‌ల వైపు చూడాలి.

పాత సుమో, ఇండికా ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లోని చిన్న గదిలో పడి అంటుకుంటుంది. డీజిల్ అంటుకునేది పిస్టన్ నొక్కితే వేడెక్కిన గాలికే. చల్లబడ్డ ఆ గది గోడలు గాలి వేడిని లాగేస్తాయి, అందుకే గదిని వేడి చేసే ప్లగ్ కావాలి. డ్యాష్‌బోర్డులో కాయిల్ గుర్తు లైటు ఆరిందని ధీమా పడొద్దు. అది సాధారణంగా టైమర్ లెక్కన ఆరుతుంది, ప్లగ్ నిజంగా వేడెక్కిందో లేదో దానికి తెలియదు.

కీ ఆఫ్ చేసి, ప్లగ్‌లను కలిపే పట్టీ నట్లు విప్పి పట్టీని పూర్తిగా తీయండి. అది ఉండగా చూస్తే నాలుగూ కలిసిపోయి చెడ్డది దొరకదు. 12 వోల్టుల 21 వాట్ల బల్బుకు ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ఒక్కో ప్లగ్ కొసకు తాకించండి. వెలగకపోతే ఆ ప్లగ్ పోయినట్టే. మల్టీమీటర్ అయితే ఇంకా నయం: చల్లటి ప్లగ్ సుమారు 0.5 నుంచి 2 ఓమ్‌లు చూపాలి. ప్రోబులు రెండూ కలిపితే వచ్చే అంకెను అందులోంచి తీసేయండి. మిగతా మూడింటి అంకెలకు బాగా తేడాగా చూపే ప్లగ్‌నూ నమ్మొద్దు.

ప్లగ్‌లన్నీ బాగుంటే పట్టీ బిగించి, ఒకరిని కీ తిప్పమని, పట్టీ దగ్గరా బ్యాటరీ దగ్గరా వోల్టేజీ పోల్చండి. తేడా ఒక వోల్టు దాటితే రిలే (ప్లగ్‌లకు కరెంటు వదిలే స్విచ్) పాయింట్లు కాలాయి, లేదా లావు వైరు జాయింటు తుప్పు పట్టింది. పట్టీ దగ్గర అసలేమీ రాకపోతే ఫ్యూజ్, రిలే చూడండి.

ప్లగ్ విప్పేది ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. బిగుసుకుంటే కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పాలి. బలం చూపిస్తే ప్లగ్ విరిగి హెడ్ దించాల్సి వస్తుంది. కొస కరిగి ఉంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతోందేమో చూడండి, లేకపోతే కొత్త ప్లగ్ కూడా అలాగే పోతుంది. రంధ్రంలో మసి తీసి, పాతదాని మీది వోల్టేజీకి సరిపోయేదే వేయండి. 10 ఎంఎం మర ఉన్న ప్లగ్‌కు 15 న్యూటన్ మీటర్ల బిగువు చాలు.

ప్లగ్‌లు వేడెక్కి ఉండగా ఎయిర్ ఫిల్టర్‌లోకి స్టార్టింగ్ స్ప్రే ఎప్పుడూ కొట్టొద్దు. అందులోని ఈథర్ అంటుకుని పిస్టన్లు పగలొచ్చు.