స్కోర్‌టేబుల్ దగ్గర కూర్చునేవారు చూసుకోవలసినవి

అనంతపురం, కర్నూలు, కడపలలో కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు స్కోర్‌షీట్ రాసే పనిని ఆ సమయానికి ఖాళీగా కనిపించినవారికే అప్పగిస్తుంటారు. అది అంత తేలికైన పని కాదని తెలియాలంటే అమెరికాలోని వృత్తిపర బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో ఒక విచిత్రాన్ని చూడాలి.

2007 డిసెంబరు 19న అట్లాంటా హాక్స్, మయామీ హీట్ జట్ల మధ్య ఆట అదనపు సమయంలో ఇంకా 51.9 సెకన్లు మిగిలి ఉండగా, ఆరు ఫౌళ్లు పూర్తయ్యాయంటూ మయామీ ఆటగాడు షకీల్ ఓనీల్‌ను బయటికి పంపారు. నిజానికి అతడు చేసినవి ఐదే. సహచరుడి ఫౌల్ ఒకటి బల్ల దగ్గర అతని ఖాతాలో పడింది. మయామీ అభ్యంతరాన్ని అప్పటి లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఆమోదించి, బల్ల బాధ్యత ఉన్న ఆతిథ్య జట్టు హాక్స్‌కు 50,000 డాలర్ల జరిమానా విధించి, ఆ 51.9 సెకన్లను మళ్లీ ఆడాలని ఆదేశించారు. 2008 మార్చి 8న ఆడించేసరికి ఓనీల్ ఫీనిక్స్ జట్టుకు వెళ్లిపోయాడు. రెండు జట్లూ ఒక్క పాయింటైనా చేయలేదు, 114-111తో అట్లాంటా గెలుపు అలాగే నిలిచింది. ఇంత తతంగం జరిగినా ఓనీల్‌కు దక్కింది ఏమీ లేదు.

మనం పాటించే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో ఐదో ఫౌల్‌కే ఆటగాడు బయటికి వెళ్లాలి కాబట్టి ఇక్కడ ఒక్క తప్పు రాత ఇంకా ఖరీదైనది. జట్టు ఫౌళ్ల మొత్తంతో సరిపోల్చుకుంటే చాలునని కొందరు అనుకుంటారు గానీ, ఓనీల్ విషయంలో ఆ మొత్తం సరిగానే వచ్చి ఉండేది. పేరు మారితే మొత్తం మారదు కదా. అందువల్ల రిఫరీ వేళ్లతో నంబరు చూపగానే దానిని పైకి చదవండి, పక్కనున్న సహాయకుడు అదే నంబరును తిరిగి పలికాకే గడిలో రాయండి. చొక్కాకు పిన్నుతో గుచ్చిన కాగితపు నంబర్లున్న చోట 1, 7 ఒకేలా కనిపిస్తాయి, ఆట మొదలుకాకముందే వాటిని మార్పించండి. మొదటి, మూడో క్వార్టర్లకు ఎర్ర కలం, మిగిలినవాటికి నలుపు లేదా ముదురు నీలం కలం వాడితే తరువాత వెతకడం సులువు.

గడియారం విషయంలో 1990 జనవరి 15 నాటి ఆట గుర్తుండాలి. స్కోరు 106-106గా ఉండి 0.1 సెకను మాత్రమే మిగిలినప్పుడు న్యూయార్క్ నిక్స్ ఆటగాడు ట్రెంట్ టకర్ బంతి అందుకొని, తిరిగి, మూడు పాయింట్ల బుట్ట వేశాడు. షికాగో బుల్స్ అభ్యంతరం నెగ్గలేదు గానీ, బంతి పట్టి వేయడానికి కనీసం 0.3 సెకను ఉండాలన్న నియమం ఆ తరువాత వచ్చింది. గీత బయటి నుంచి విసిరిన బంతి కోర్టులోని ఆటగాడిని తాకిన క్షణంలోనే గడియారం కదలాలి. ఎండలో ఫోన్ తెర కనిపించదు, బొత్తాం ఉన్న స్టాప్‌వాచ్ వాడండి.

తప్పు మీకే కనిపిస్తే ఆట నడుస్తుండగా కేకలు వేయకుండా, బంతి ఆగిన మొదటి సందర్భంలో హారన్ మోగించి రిఫరీకి చెప్పండి. ఫౌళ్లు, స్కోరు, సమయం రిఫరీ స్కోర్‌షీట్ మీద సంతకం చేసేవరకే సవరించవచ్చు కాబట్టి, ఆ కాగితాన్ని ఆయనకు అందించే ముందు ఒకసారి నిదానంగా కూడి చూడండి.