సైటు లెక్క - 3వ పాఠం: ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు?

పోయిన పాఠంలో పనులన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఈసారి ప్రతి పని పక్కనా ఇంకో ముక్క రాయండి: ఇది మొదలవ్వాలంటే ముందు ఏది అయిపోవాలి?

పర్లాకిమిడిలో నేను చూసుకున్న ఒక మేడ సంగతి చెబుతాను. మొదట ఇలా రాశాను: సెంట్రింగ్ (స్లాబ్ నిలబెట్టే అచ్చు, దాని కింద జాకీలు) 6 రోజులు, ఇనుము 3, కరెంటు పైపులు 1, స్లాబ్ 1. చూడ్డానికి బాగానే ఉంది కానీ తప్పు. పైపులు ఇనుమంతా అయ్యాక వేసేవి కావు. కింది ఊచల జాలీ కట్టాక, పై ఊచలు పరవకముందు, ఆ సందులోకి వెళ్లాలి. అంటే ఇనుము రెండు పనులు: కింది జాలీ 2 రోజులు, పైది 1. మధ్యలో ఇంకొకరి చెయ్యి పడే చోటల్లా పనిని విరిచి రాయండి. మొత్తం అదే 11 రోజులు, కానీ కరెంటు అబ్బాయి తొమ్మిదో రోజున ఉండాలని ఇప్పుడు కనిపిస్తోంది.

ఇంకో పక్క గుమ్మాలు. ఒడియా వడ్రంగి 12 రోజులన్నాడు. గుమ్మాలు నిలబెట్టేది పై గోడలతోనే. 11 రోజులకు స్లాబ్, అది పోశాక 4 రోజులకు గానీ ఆ గోడలు ఎత్తం, అంటే 15 రోజుల్లో 12 పోను గుమ్మాలకు 3 రోజుల వెసులుబాటు. పైపులకు ఒక్క పూట కూడా లేదు. వెసులుబాటు లేని ఈ పనుల గొలుసునే క్రిటికల్ పాత్ అంటారు. 1957 ప్రాంతంలో అమెరికాలో డూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల వాళ్లు కంప్యూటర్ పెట్టి తేల్చిన పద్ధతి. మనకు గోడ, బొగ్గుముక్క చాలు.

మరి నేనేం చేశాను? టేకు ఖరీదు కదా అని రోజూ వడ్రంగి కొట్టు చుట్టూ తిరిగాను. కరెంటు అబ్బాయి రథయాత్రకని పూరీ వెళ్లిపోయాడు. రేపొస్తాడు, రేపొస్తాడనుకుంటూ ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజు తెల్లారేసరికి కాంక్రీటు కలిపే మిల్లర్, పాతపట్నం నుంచి కూలీలు దిగారు. పైన కింది జాలీ ఒక్కటే ఉంది. టీలు తాగించి, సగం కూలి ఇచ్చి పంపాను.

మనిషినైతే బతిమాలుకోవచ్చు, సిమెంటును బతిమాలలేం. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు 4.5 మీటర్లలోపు స్లాబ్ కింద జాకీలు కనీసం 7 రోజులు, 6 మీటర్లలోపు దూలం కింద 14 రోజులు ఉండాలి. పీపీసీ (పోజొలానా కలిపిన సిమెంటు, మెల్లగా గట్టిపడుతుంది) అయితే ఇంకాస్త ఆగాలి. ఆ ఆగే రోజుల్ని కూడా పనిగానే రాయండి.

అభ్యాసం: మీ సైటులో వచ్చే 15 రోజుల పనులు ఇలా విరిచి రాసి, వెసులుబాటు సున్నా ఉన్నవాటి కింద ఎర్ర గీత గీయండి. రెండు సైట్లకూ జాకీలు ఒకే సెట్టయితే ఏం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం.