జబ్బు చేసిన వీధికుక్కని ఇంటికి తెచ్చి నిలబెట్టడం ఎట్టా?

మా ఇంట్లో మెట్ల కింద చిన్న గది ఒకటి ఉండాది, ఒకప్పుడు పాత పేపర్లూ ఖాళీ గ్యాస్ బండా పెట్టుకునేవాళ్లం, ఇప్పుడది కుక్కల ఆస్పత్రి. ఇప్పటికి తొమ్మిది వచ్చాయి, ఏడు లేచి తిరిగాయి, రెండు లేవలేదు. ఆ రెండింట్లో ఒకటి నా తొందర వల్లే పోయిందని నా నమ్మకం. ఎముకలు తేలిపోయి ఉంటే జాలేసి గిన్నె నిండా అన్నంలో చికెన్ కలిపి పెట్టేశా, అది ఆబగా మొత్తం తినేసింది, తెల్లారి చూస్తే లేదు. ఈ పనిలో మనం చేసే తప్పులన్నీ తొందర వల్లే వస్తాయి: తెచ్చిన రోజే స్నానం, తెచ్చిన రోజే కడుపు నిండా తిండి, తెచ్చిన రోజే మన డబ్బాలో ఉన్న జ్వరం బిళ్ల. ఈ మూడూ చేయకుండా ఉంటే సగం గండం గట్టెక్కినట్టే.

పట్టుకునే ముందు

ముందు దూరంగా నిలబడి రెండు నిమిషాలు చూడండి. దవడ వేలాడేసి చొంగ కారుస్తా, నీళ్లు మింగలేక అవస్థ పడతా, కనపడిన దాన్నల్లా కరుస్తా ఉంటే అది మన పని కాదు, దగ్గరికి పోమాకండి. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో వేలు అసలు పెట్టమాకండి, అది రేబిస్ అయినా అట్టానే కనపడతది. పశువుల డాక్టరుకీ మున్సిపాలిటీకీ చెప్పి జనాన్ని పక్కకి జరపండి చాలు.

మిగతా కుక్కల మీద పాత దుప్పటి కప్పి ఎత్తుకోవచ్చు. పన్ను గీసుకున్నా, పుండు మీద నాకినా సబ్బు పెట్టి కుళాయి కింద 15 నిమిషాలు కడుక్కుని అదే రోజు ఆస్పత్రికి పోవాల, గవర్నమెంటు ఆస్పత్రిలో టీకా ఉచితంగానే వేస్తారు. పసుపూ సున్నమూ పూసుకుని కూర్చోమాకండి. తరచూ ఈ పని చేసేవాళ్లు ముందుగానే టీకా వేయించుకుంటే మంచిది, నేను మూడో కుక్క తర్వాత గానీ వేయించుకోలేదు, అది నా తెలివితక్కువతనం.

చోటు

ఇంట్లో కుక్క ఉంటే కొత్తదాన్ని కనీసం రెండు వారాలు విడిగా పెట్టండి, బొచ్చె వేరు, గుడ్డ వేరు, దాని గదిలోకి పోయొచ్చాక చేతులు కడగాల, చెప్పులు కూడా వేరుగా ఉంటే ఇంకా మేలు. కడగడానికి వీలున్న నేల, మీద గోతాం, దాని మీద పాత నూలు చీర, అంతే. పరుపులు వద్దు, వాటిని ఉతకలేం. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ సంగతి చెప్పాలా, రేకుల షెడ్డులో పెడితే జబ్బుతో కాదు వడదెబ్బతో పోతది, ఫ్యాను ఉన్న చోటే పెట్టండి.

గోతాం మీద పడుకున్న మొదటి కుక్కని చూసి పక్కింటి పెద్దమ్మ "ఏందమ్మే, గజ్జికుక్కని తెచ్చి ఇంట్లో పెట్టావా" అని నెల రోజులు నాతో మాట్లాడలా. ఇప్పుడు కోడిగుడ్డు ఉడికిస్తే ఒకటి ఎక్కువేసి పంపిస్తది.

డాక్టరు

ఇది మొదటి రోజే. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఉంటే గవర్నమెంటు పశువుల ఆస్పత్రి ఉంది, ప్రైవేటు క్లినిక్కులూ ఉన్నాయి. పల్లెల్లో అయితే మండలంలో ఉండే పశువైద్యశాలే దిక్కు. 1962 కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తది గానీ అది ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టింది కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోమాకండి. ఇక్కడ తేలకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకుపోవడమే, మేం ఒకసారి పోయాం, పొద్దున్నే బయల్దేరితే రాత్రికి తిరిగి రావచ్చు.

పోయేటప్పుడు బరువు తెలుసుకుని పోండి, మందు కొలత మొత్తం దాని మీదే ఉంటది. కుక్కని ఎత్తుకుని మిషన్ ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, తీసివేత చేయండి. వాంతి, విరేచనం ఎట్టా ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి, డాక్టరు ముందు చేతులు తిప్పి వర్ణించే కంటే అదే నయం. రక్తపరీక్ష రాస్తే డబ్బులకి వెనకాడమాకండి.

ఒక మాట గట్టిగా చెప్తున్నా: పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, మనం వేసుకునే ఈ బిళ్లలేవీ మీ అంతట మీరు వేయమాకండి. కాలేయం, కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి.

రోజూ చూడాల్సినవి

ఒక పాత నోటుపుస్తకం పెట్టుకోండి. పొద్దునా సాయంత్రం వేడి రాయండి, డిజిటల్ థర్మామీటర్‌కి వాజలైన్ రాసి తోక కింద పెట్టి చూడాల. కుక్కకి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు, మనకి జ్వరం అనిపించే వేడి దానికి మామూలే. 103 దాటితే డాక్టరుకి చెప్పాల, 99 కంటే దిగితే ఇంకా తొందరగా చెప్పాల.

తర్వాత పెదవి పైకెత్తి పళ్ల చిగుళ్లు చూడండి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాల. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే గమ్మున కిందకి పోవాల, గుడారంలాగా నిలబడితే ఒంట్లో నీళ్లు లేనట్టే, అప్పుడు సెలైన్ కావాల, గొంతులో నీళ్లు పోస్తే సరిపోదు, పైగా ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త జబ్బు.

తిండి

వాంతులు ఆగాక మొదలుపెట్టండి, అదీ స్పూన్లతో. బాగా మెత్తగా ఉడికిన అన్నం, ఎముక లేని చికెన్, ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లి వెల్లుల్లి అసలు లేదు. రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టి, వారం అయ్యేటప్పటికి మూడుపూటలకి తీసుకురండి. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారి దండిగా పెడితే రక్తంలో లవణాలు ఠక్కున పడిపోయి గుండె మీదకొస్తది, నా మొదటి కుక్కకి జరిగింది అదే అని డాక్టరు చెప్పాడు. పాలు చాలా కుక్కలకి పడవు, విరేచనాలు ఎక్కువవుతాయి. ఇక చేపల పులుసు గురించి చెప్పకపోతే నెల్లూరోళ్లం కాదు, మిగిలింది కదా అని అన్నంలో కలిపి పెడతారు, అందులో ముల్లూ ఉంటది, ఉల్లిపాయా ఉంటది, వద్దు.

పిడుదులు

మన వైపు వచ్చే కుక్కల్లో నేను ఎక్కువ చూసింది పిడుదుల జ్వరమే. కర్రోడు అని మేం పేరు పెట్టుకున్న కుక్క వచ్చినప్పుడు చెవి తిప్పి చూస్తే లోపల ఆముదం గింజలు అతికించినట్టు వరసగా ఉన్నాయి, కాలివేళ్ల మధ్య ఇంకో పది. చిగుళ్లు సున్నం గోడలాగా ఉన్నాయి, ముక్కులోంచి సన్నగా నెత్తురు. పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వచ్చాయి, ఎర్లికియా అన్నారు, పిడుదుల జ్వరం తెచ్చే క్రిమి అది.

దీనికి ఎక్కువగా డాక్సీసైక్లిన్ రాస్తారు, మామూలుగా 28 రోజులు. ఖాళీ కడుపున వేస్తే వాంతి అయిపోతది, కొంచెం తిన్నాక ఉడికిన గుడ్డు పచ్చసొనలో దాచి పెట్టి, వెంటనే నీళ్లు తాగేట్టు చూడండి, బిళ్ల గొంతులో ఇరుక్కుంటే పుండవుతది. పాలల్లో పెరుగులో వేయమాకండి, మందు ఒంటికి పట్టేది తగ్గుతది. మూడో రోజుకే కర్రోడు లేచి గేటు దాకా పోయి మొరిగాడు, అందరూ మందు ఆపేసేది సరిగ్గా అక్కడే. ఆపమాకండి, మళ్లీ తిరగబెడతది.

పిడుదుల్ని చర్మానికి దగ్గరగా ప్లక్కర్‌తో పట్టి నిటారుగా లాగి సబ్బునీళ్ల సీసాలో వేయండి, వేళ్లతో చిదమమాకండి. రక్తం తాగి ఉబ్బిన ఆడది రాలిపోయి గోడ సందుల్లో వేలల్లో గుడ్లు పెడతది కాబట్టి గది మూలలూ తలుపు పగుళ్లూ టార్చి వేసి చూడండి. పొలానికి కొట్టే పురుగుమందు, కిరసనాయిలు, బండి నుంచి తీసిన పాత ఆయిలు కుక్క ఒంటికి పూసేవాళ్లని చూశా, ఆ కుక్క ఒళ్లు నాక్కుంటది కదా, లోపలికి పోయేది విషమే.

గజ్జికీ అంతే, గేదెలకి వేసే ఐవర్‌మెక్టిన్ కొలత లేకుండా పొడిచేవాళ్లున్నారు, కోలీ లాంటి జాతులకి అది ప్రాణం మీదకొస్తది. బరువు చూసి డాక్టరే వేయాల. కొన్ని రకాల గజ్జి మనకీ అంటుకుని దురద పెడతది, గ్లౌజులు వేసుకోండి.

పిల్లకుక్క అయితే

వాంతులు, నెత్తురు విరేచనాలు, ఒక రకమైన కుళ్లు కంపు ఉంటే పార్వో అనే వైరస్ జబ్బు అనుకుని గంటల్లో డాక్టరు దగ్గరికి పోవాల, రేపు చూద్దాం అంటే రేపు ఉండదు. వైరస్‌ని చంపే మందు మామూలు క్లినిక్కుల్లో ఉండదు, సెలైనూ వాంతుల మందూ ఇస్తా నిలబెట్టుకోవడమే. ఫినాయిల్ తో కడిగితే ఆ వైరస్ చావదు. ముందు మురికి కడిగేసి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్ కి 30 వంతుల నీళ్లు కలిపి నేల మీద పది నిమిషాలు ఉంచాల. బ్లీచ్ లో యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ కలపమాకండి.

తేరుకున్నాక

స్నానం ఇప్పుడు చేయించండి. నులిపురుగుల మందు, తర్వాత టీకాలు, అవి పూర్తిగా కోలుకున్నాకే. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కి ఇంకా కొన్ని వారాలు ఆగి, రక్తం బాగుందని చూసుకుని చేయించండి. పెంచుకునేవాళ్లు దొరికితే నోటుపుస్తకం కూడా వాళ్లకే ఇవ్వండి. దొరక్కపోతే ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక ఎక్కడ నుంచి తెచ్చారో ఆ వీధిలోనే వదలాల, కుక్కల సంతాన నియంత్రణ మీద వచ్చిన 2023 ఏబీసీ రూల్స్ చెప్పేదీ అదే, కొత్త వీధిలో వదిలితే అక్కడి కుక్కలు బతకనివ్వవు. కర్రోడు మాత్రం పొదలకూరు రోడ్డు వైపు ఒక నిమ్మతోటకి పోయాడు.

కుక్క మీ ఇంటి నుంచి వెళ్లాక దాని గోతాం కాల్చేయండి. పార్వో కేసు అయితే టీకాలు పూర్తికాని పిల్లకుక్కని ఏడాది దాకా ఆ గదిలోకి తేమాకండి.