హరికథ వీడియోకి శుభ్రమైన శబ్దం: ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి కెమెరా మైక్ ఇన్‌పుట్‌కి

గోదావరి వైపు గుళ్లలో నవరాత్రులకి హరికథలు వీడియో తీస్తుంటాను. దాసుగారికొక మైకు, మృదంగానికొక మైకు. రెండూ ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (మైకుల శబ్దాన్ని ల్యాప్‌టాప్‌కి అందించే పెట్టె), అక్కణ్ణుంచి కెనాన్ 200డి మార్క్ 2 మైక్ ఇన్‌పుట్‌లోకి. బొమ్మకీ శబ్దానికీ జత కుదిర్చే పని ఉండదు కాబట్టి, కథ అయిన రాత్రే గుడివాళ్లకి కాపీ ఇచ్చేయొచ్చు.

ముందు కేబుల్ సంగతి, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఇంటర్‌ఫేస్ వెనకుండే అవుట్‌పుట్లు బ్యాలెన్స్‌డ్. ఒకే శబ్దం ఒక తీగలో మామూలుగా, రెండో తీగలో తలకిందులుగా వస్తుంది. కెమెరా ఇన్‌పుట్ స్టీరియో కాబట్టి ఒక తీగని ఎడమగా, రెండోదాన్ని కుడిగా తీసుకుంటుంది. రెండు వైపులా టీఆర్‌ఎస్ పిన్ను (రెండు గీతలుండే పిన్ను) ఉన్న కేబుల్‌తో ఈ రెంటినీ కలిపితే ఇయర్‌ఫోన్స్‌లో ఏదోలా వినిపిస్తుంది. ఒకే స్పీకరున్న ఫోన్‌లో మాత్రం ఎడమా కుడీ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, దాసుగారి గొంతే మాయమవుతుంది. అందుకే ముందువైపున్న హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ వాడండి. అది మొదటినుంచీ స్టీరియోనే. కెమెరా వైపు 3.5 మిల్లీమీటర్ల పిన్నుకి రెండు గీతలే ఉండాలి. మూడుంటే అది ఫోన్ల కోసం చేసిన కేబుల్.

రెండో విషయం బలం. ప్రొఫెషనల్ లైన్ లెవెల్, అంటే ఇలాంటి పరికరాలు ఒకదానికొకటి పంపుకునే శబ్దం బలం, 1.23 వోల్టులు. కెమెరా మైక్ ఇన్‌పుట్ ఎదురుచూసేది కొన్ని మిల్లీవోల్టులే. హెడ్‌ఫోన్ నాబ్ బాగా తగ్గించినా పని జరుగుతుంది గానీ, ఆంప్లిఫయర్ సొంత బుస పైకి తేలుతుంది. బలాన్ని 25 నుంచి 40 డీబీ (డెసిబెల్స్) తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ కొనుక్కోండి, నాబ్ సగం దాకా హాయిగా తిప్పుకోవచ్చు. ఫూజీఫిల్మ్ ఎక్స్-టీ4 లాంటి కొన్ని కెమెరాల్లో మైక్ రంధ్రాన్నే లైన్ లెవెల్‌కి మార్చుకునే సెట్టింగ్ ఉంది. వాటికి ఈ కేబుల్ అక్కర్లేదు.

స్కార్లెట్‌లో డైరెక్ట్ మానిటర్‌ని (మైకుల శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కి పంపే స్విచ్) మోనోలో పెట్టండి. స్టీరియోలో ఉంటే దాసుగారు ఒక చెవిలో, మృదంగం ఇంకో చెవిలో పడతారు. ల్యాప్‌టాప్‌లో కూడా రికార్డు చేయండి, అది బ్యాకప్. కాకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపేయాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

లెవెల్ చూసేటప్పుడు దాసుగారిని చిడతలు వాయిస్తూ పై స్థాయిలో పాడమనండి. వచనం చెప్పించి లెవెల్ పెడితే చిడతల మొదటి దెబ్బకే శబ్దం చిట్లిపోతుంది. ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ నాబ్ (మైకు శబ్దాన్ని పెంచేది) చుట్టూ ఉన్న వలయం ఎరుపెక్కకూడదు. కెమెరాలో సౌండ్ రికార్డింగ్ మాన్యువల్‌లో ఉండాలి. ఆటోలో ఉంటే దాసుగారు ఊపిరి తీసుకునే చోటల్లా ఫ్యాన్ల హోరు పైకి లేస్తుంది, కథలోని నిశ్శబ్దం పాడవుతుంది. రికార్డింగ్ లెవెల్‌ని కింద నుంచి మెల్లగా పెంచుతూ, పెద్ద శబ్దాలు మీటర్‌లో మైనస్ 12 డీబీ దాటి కాస్త ముందుకెళ్లేలా, సున్నాని ఎప్పుడూ తాకకుండా ఆపండి. ఈ కెమెరాకి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు కాబట్టి అర నిమిషం తీసి, కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టి వినండి.

గుమ్మని హోరు వస్తుంటే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోయిందంటే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ తీగల మధ్య కరెంటు చుట్టుతిరగడం. బ్యాటరీ మీద నడపండి, కుదరకపోతే కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. చార్జర్ ఎర్త్ పిన్ను తీసేసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ప్రాణాల మీదికొస్తుంది.

200డి మార్క్ 2 ఒక్కో వీడియోని 29 నిమిషాల 59 సెకన్లకి ఆపేస్తుంది. కథ మధ్యలో నామసంకీర్తన చేయించే చోట ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ రికార్డింగ్‌ని మాత్రం మంగళహారతి అయ్యేదాకా ఆపకండి.