నిద్రలో బీపీ తగ్గుతోందా?

నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. పగలు పై అంకె 130 ఉంటే రాత్రి 104–117 మధ్యకు దిగాలన్నమాట. అంత దిగలేదంటే గురకతో ఊపిరి ఆగడం, కిడ్నీ జబ్బు, షుగర్, ఉప్పు ఎక్కువవడం లాంటివి కారణం కావచ్చు. అలారం పెట్టుకుని లేచి ఇంటి మిషన్‌తో చూస్తే తేలదు, మెలకువ రాగానే అంకె పెరుగుతుంది కదా!

డాక్టర్‌ని 24 గంటల బీపీ పరీక్ష గురించి అడగండి. చేతికి పట్టీ కట్టి పంపిస్తారు. రాత్రి సాధారణంగా అరగంటకోసారి దానంతటదే కొలుస్తుంది. పట్టీ బిగిసేటప్పుడు చెయ్యి కదిపితే ఆ రీడింగ్ పోయినట్టే. ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో రాసుకోండి. లేకపోతే పగలూ రాత్రీ లెక్క కలిసిపోతుంది. రాత్రి సగటు 120/70 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఎక్కువే. అలాగని బీపీ మాత్రని మీ అంతట మీరే రాత్రికి మార్చుకోవద్దు.