మ్యాచ్‌లో వాడిన జెర్సీ, బ్యాట్ అసలైనవో కావో కొనేముందు ఎలా తేల్చుకోవాలి?

1. వివరణలో ప్రతి మాటా పట్టి చదవండి

‘మ్యాచ్‌లో ధరించినది’ వేరు, ‘ఆటగాడి కోసం తయారు చేసినది’ వేరు. రెండోది ఒక్కసారి కూడా మైదానం చూడకుండా పెట్టెలోనే ఉండిపోయి ఉండవచ్చు. ఏ మ్యాచ్, ఏ తేదీ అని అడిగి జవాబును రాతలో తీసుకోండి. ‘ఆ సీజన్‌లో ఎప్పుడో వాడారు’ అంటే పరీక్షించడానికి మీ చేతిలో దాదాపు ఏమీ లేనట్టే.

2. వాడకపు గుర్తులను ఆటతో సరిచూడండి

మట్టి ఎవరైనా పూయగలరు. అందుకే మరక ఉందా అని కాకుండా, ఉండవలసిన చోటే ఉందా అని చూడాలి. టెస్టు బౌలర్ ప్యాంటు మీద ఎర్రటి చార ఉంటే, అతను బంతిని ఏ వైపు రుద్దుతాడో పాత వీడియోల్లో చూడండి. తెల్ల బంతితో ఆడిన మ్యాచ్‌లోది అంటున్న బ్యాట్ మీద అన్నీ ఎర్ర మచ్చలే ఉంటే, అవి నెట్స్‌లో పడ్డవి కావచ్చు. అప్పుడు ఆ మ్యాచ్‌కు వేరే రుజువు కావాలి.

3. ఫొటోలతో పోల్చండి

నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే, దీనికి ఎన్ని గంటలు పట్టినా ఫరవాలేదు. ఆ మ్యాచ్ నాటి పెద్ద ఫొటోలు సంపాదించండి. జట్టు రంగు, స్పాన్సర్ పేరు కలిస్తే సరిపోదు, అవి ప్రతి కాపీలోనూ ఉంటాయి. వెతకవలసింది ఆ ఒక్క వస్తువుకే పరిమితమైన తేడాలను: కాస్త వంకరగా అతికిన అంకె, చారకూ బ్యాడ్జికీ మధ్య దూరం, కుట్టులో తప్పు, బ్యాట్ చెక్కలోని గీతలు. చెక్కగీతలు వేలిముద్రల లాంటివి. మ్యాచ్ తర్వాత కొత్త చిరుగు రావచ్చు. కానీ అప్పటి ఫొటోలో ఉన్న చిరుగు ఇప్పుడు లేకపోతే, దాన్ని కుట్టిన జాడైనా ఉండాలి.

1986 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద మారడోనా వేసుకున్న చొక్కా సంగతే చూడండి. 2022లో సోథబీస్ దాన్ని వేలానికి పెట్టినప్పుడు, అది గోల్స్ లేని మొదటి సగంలోనిదని మారడోనా కుటుంబం వాదించింది. బ్యాడ్జి, చారలు, అంకెల వివరాలను రెండో సగంలో అతను కొట్టిన రెండు గోల్స్ నాటి ఫొటోలతో పోల్చి చూశామని వేలం సంస్థ జవాబిచ్చింది. చివరికి అది సుమారు 71 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. మ్యాచ్ ఒక్కటే అయినా, ఏ సగం అన్నదాని మీదే విలువంతా ఆధారపడింది.

4. కాగితాన్ని చివర చూడండి

సర్టిఫికెట్ అచ్చు వేయించడం తేలిక. అది ఏం చెబుతోందో కూడా గమనించాలి: చాలా సర్టిఫికెట్లు సంతకం అసలైనదని మాత్రమే అంటాయి, వస్తువును ఆటలో వాడారని అనవు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2001 నుంచి మైదానంలోనే ఉండే పరిశీలకులు వస్తువుకు నంబరున్న హాలోగ్రామ్ అతికిస్తున్నారు. అలాంటిదే ఉంటే ఆ నంబరును లీగ్ వెబ్‌సైట్‌లో మీరే టైపు చేసి, అక్కడి వివరణ మీ ముందున్న వస్తువుతో కలుస్తోందో లేదో చూడండి.

5. డబ్బు కట్టేముందు

వస్తువు ఆటగాడి నుంచి ఇప్పటి యజమాని దాకా ఎవరెవరి చేతులు మారిందో అడగండి. దగ్గరి నుంచి తీసిన ఫొటోలు పంపడానికి జంకేవారి దగ్గర కొనకండి. స్వతంత్ర పరీక్షలో నిలవకపోతే ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి ఇస్తారో ముందే రాయించుకోండి.